సున్నా మీద ముల్లు

దిండి రేవులో ఎర్ర స్పీడు బోటు
పొద్దున్నించీ డ్రైవరు మోకాళ్ల మీద ఏడుస్తోందట.
"చుక్కా చుక్కా, పేంటు తడిసిపోతందండి, ఆయ్,
ఎక్కినోళ్లు ఏటనుకుంటారు!"
వీర్రాఘవులి ఫోను.

రొయ్యల చెరువు గట్టున
ఏరియేటరు విప్పుకుని కూర్చున్నవాణ్ణి
విప్పింది విప్పినట్టే వదిలేసి బయల్దేరాను.
సంచిలో రెండు స్క్రూడ్రైవర్లు, గుప్పెడు క్లిప్పులు,
వెనక సీటు మీద ఏసుపాదం.

మీటరు అద్దం లోపల సగానికి నీళ్లు.
అటు ఇరవై, ఇటు అరవై మునిగిపోయి
నడిమధ్య నలభై ఒక్కటే
లంకలా తేలి ఉంది.
వరదొచ్చిన ఊరిని చూసినట్టు
ముగ్గురం కాసేపు ఊరికే చూశాం.

డాష్‌బోర్డు కిందికి వెల్లకిలా దూరాను.
తీగల గుబురు, పాత గ్రీజు వాసన,
ఏ పిల్లో పారేసుకున్న ఆకుపచ్చ గాజు.
ఆ మూల, సెలైను పైపంత సన్నటి గొట్టం
మీటరు మెడ దగ్గర పెళుసెక్కి, చీలి
సరిగ్గా నా పెదవి మీదికే ఒక చుక్క వదిలింది.
ఉప్పన.
ఎండలు ముదిరాయని, పైనుంచి తీపినీరు రావట్లేదని,
పోటు ఇక్కడిదాకా ఎక్కేసిందని
నాలిక చెప్పింది.

ఇందులో పెద్ద కిటుకేం లేదు.
మోటారు అడుగున చీమ దూరేంత చిల్లి.
బోటు పరిగెడితే ఏరు దాంట్లోకి తల దూరుస్తుంది,
ఎంత గట్టిగా దూరిస్తే ముల్లు అంత పైకి.
వేగమంటే
మీదికొచ్చే నీటి తోపుడు.
లెక్కల మేష్టారు ఇలా చెప్పుంటే
తొమ్మిది తప్పేవాణ్ణి కాదు.

మీటరు ఊడదీసి బోర్లిస్తే
అరగ్లాసు గోదారి.
దాన్ని ఎండలో పెట్టి,
చీలిన మేర రెండంగుళాలు కోసి,
మిగిలిన కొసని వేడి టీలో ముంచాను.
మెత్తబడి మాట విన్నది.
మూతికి తొడిగి క్లిప్పు వేశాను.
మరీ బిగిస్తే కోసేస్తుంది, వదులైతే మళ్లీ ఏడుపే.
పసిదాని కాలికి పట్టీ పెడతాం చూడండి,
అంత.

అటు కొస నోట్లో పెట్టుకుని
ఏసుపాదం మెల్లిగా ఊదాడు.
ముల్లు లేచింది.
పదిహేను!
"నా ఊపిరి గంటకి పదిహేను కిలోమీటర్లండీ!"
మళ్లీ ఊదబోతే ఆపాను,
మీటరు గుండె సున్నితం.

కింద చిల్లిలో బ్రేకు వైరు పోగు పెట్టి కెలికాను.
వండ్రు మట్టి,
దాని వెనకాలే
మెంతిగింజంత నత్తగుల్ల.

అన్నీ బిగించేసరికి పాటు మొదలైంది.
ఇంజను వెయ్యలేదు. తాడు కట్టే ఉంది.
బోటు ఎగువకి మూతి పెట్టి నిలబడింది.
ముల్లు మాత్రం సున్నా దాటి
వెంట్రుకవాసి జరిగింది.

"ఇంకా తేడాగానే ఉందండి,
ఆగున్న బోటుకి స్పీడేటి?"

ఆగింది మనం, వీర్రాఘవులూ.
మన కిందనించి అంతర్వేదికి పోతోంది చూడు,
దాన్ని కొలుస్తోంది.

వంతెన రాకముందు
ఈ రేవులోనే పడవ దాటించినవాడు,
కొబ్బరి పీచు ముక్క విసిరి
నీటి లాగుడు చెప్పగలిగినవాడు,
వంగి చాలాసేపు
ఆ వెంట్రుకవాసి వైపు చూశాడు.
ఏమీ అనలేదు.
ఫోను మోగింది, టూరిస్టులట, ఆరుగురు,
గబగబా సీట్లు తుడుచుకున్నాడు.

నాలుగొందలు ఇచ్చాడు. మూడొందల యాభై తీసుకున్నాను.
చెరువాయన అప్పటికి ఏడుసార్లు చేశాడు.

కొబ్బరి తోటల మధ్య బండి ఉరుకుతోంది.
వెనక ఏసుపాదం గాలికెదురుగా నోరు తెరిచి
"ఇప్పుడెంతండీ?" అంటాడు.

నా బండి మీటరు చచ్చి మూడేళ్లు.
చెట్లు వెనక్కి పోతున్నాయి, పెదవి మీద ఉప్పు ఎండుతోంది,
ముల్లు సున్నా మీదే ఉంది.